అరుదైన ఇంటిపేరు ఎక్కడిది? మూలాలు వెతకాలనుకునేవారికి సమగ్ర మార్గదర్శి

ఊరిపేరే ఇంటిపేరుగా ఉన్నవాళ్లు చాలామంది మొదట చేసే పని, ఆ ఊరు వెళ్లి తమ ఇంటిపేరువాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడగడం. చాలాసార్లు ఒక్కరూ ఉండరు. మనది ఈ ఊరు కాదేమోనని నిరాశతో వెనక్కి వచ్చేస్తారు. ఆ పేరువాళ్లు అక్కడ లేకపోవడమే సహజం. కందుకూరులో ఉన్నంతకాలం అందరిదీ కందుకూరే. అక్కడ ఎవరినీ ప్రత్యేకంగా 'కందుకూరి వారు' అని పిలవాల్సిన పనిలేదు. ఊరు విడిచి ఇంకో చోట కాపురం పెట్టాక అక్కడివాళ్లు 'ఆ కందుకూరి వాళ్లు' అంటారు. రెండు తరాలు గడిచేసరికి అదే ఇంటిపేరు అయి కూర్చుంటుంది. మనం వదిలొచ్చిన ఊరి పేరును మనకు తగిలించింది మనం చేరిన ఊరు.

అందుకే వెతకాల్సినవి రెండు ఊళ్లు: బయల్దేరిన ఊరు, మొదట చేరిన ఊరు. మొదటిది పేరులోనే ఉంటుంది. రెండోది కాగితాల్లో, మొక్కుల్లో, పెద్దవాళ్ల మాటల్లో దాగి ఉంటుంది. చరిత్ర ఎక్కువగా దొరికేది ఆ రెండో ఊళ్లోనే.

కొద్ది ఇళ్లకే పరిమితమైన ఇంటిపేరు అయితే వెతకడం మరీ కష్టమని అనుకుంటారు. నేను అలా అనుకోను. వందల ఊళ్లలో ఉన్న పేరైతే ఏ శాఖ మనదో తేల్చుకోవడానికే ఏళ్లు పడతాయి. అరుదైన పేరు ఏ పాత కాగితంలో కనిపించినా, పట్టుకుని లాగడానికి అదొక గట్టి కొస.

ఈ పేరు ఎందుకు అరుదైంది?

పని మొదలుపెట్టేముందు ఈ ప్రశ్న వేసుకోండి. అరుదైన పేరంతా అతి ప్రాచీనమైనది కాదు. దారితప్పిన మామూలు పేర్లు కూడా చాలా ఉంటాయి.

ఒక్క కుటుంబమే ఊరు వదిలి దూరం వెళ్లి ఉండవచ్చు. అప్పుడు ఆ పేరు మోసేది ఆ ఒక్క కొమ్మే. మగసంతానం లేక మిగతా శాఖలు ఆగిపోయి ఉండవచ్చు. తాతల కాలంలో ఎవరో ఇల్లరికం వెళ్తే పిల్లలకు మాతామహుడి ఇంటిపేరు వచ్చి ఉండవచ్చు. దత్తత వెళ్లినా అంతే. ఊళ్లో ఒకే ఇంటిపేరువాళ్లు ఎక్కువైపోయినప్పుడు గుర్తు కోసం ఒక ఇంటిని 'మీసాల వాళ్లు' అనో 'రావిచెట్టు వాళ్లు' అనో పిలిచి, అదే బడి రిజిస్టర్లోకి ఎక్కి ఉండవచ్చు. ఎగతాళిగా వినిపించే పేరును భరించలేక పిల్లల్ని బడిలో వేసేటప్పుడు మార్చుకున్న ఇళ్లూ ఉన్నాయి. పెద్దలు కావాలని దాచిన విషయం తవ్వుతున్నామని తెలిస్తే కొంచెం నెమ్మదిగా అడగండి. వాళ్లు ఎందుకు మార్చుకున్నారో వాళ్లకు బాగా తెలుసు.

ఇక అక్షరం మారిన పేర్లు. వీటి సంఖ్య మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. ఇంగ్లీషు స్పెల్లింగులో ద, డ ఒకటే. ల, ళ ఒకటే. న, ణ ఒకటే. హ్రస్వదీర్ఘాల తేడా ఉండదు. సర్టిఫికెట్ చూసి మళ్లీ తెలుగులో రాసేటప్పుడు కొత్త ఇంటిపేరు పుడుతుంది. తెలంగాణ పాత రికార్డుల్లో ఇంకో చిక్కు ఉంది. ఉర్దూలో హ్రస్వాచ్చులు సాధారణంగా రాయరు, ళ, ణ అక్షరాలు లేవు. ఒక్క చుక్క చెదిరితే పేరే మారిపోతుంది. తెలుగులోనే అరసున్న పోయింది, బండి ఱ పోయింది.

అందుకే మొదటిరోజే మీ ఇంటిపేరును ఎన్ని రకాలుగా రాయవచ్చో, ఎన్ని రకాలుగా తప్పు రాసి ఉండవచ్చో ఒక కాగితం మీద పెట్టండి. ఒక్క అక్షరం తేడాతో మీ ప్రాంతంలోనే, మీ గోత్రంలోనే వేరే ఇంటిపేరు ఉంటే, ముందు ఆ ఇంటి తలుపే తట్టండి.

ఇంట్లో ఏం వెతకాలి, ఎవరిని అడగాలి

'మన ఇంటిపేరు ఎలా వచ్చింది?' అని పెద్దవాళ్లను నేరుగా అడగకండి. అలా అడిగితే కథ చెబుతారు. రాజుగారు మెచ్చి బిరుదిచ్చారనో, మూలపురుషుడు పులిని చంపాడనో వింటారు. ఆ కథ రాసుకోండి, పారేయొద్దు. కానీ దాని మీద ఇల్లు కట్టొద్దు. అడగాల్సినవి చిన్న చిన్న విషయాలు.

ఇలవేలుపు ఎవరు, ఏ గుడి? పిల్లల పుట్టువెంట్రుకలు ఎక్కడ తీయించేవారు? ఎవరి ఇంట్లో చావు జరిగితే మనకు మైల పట్టేది? ఏ ఇంటిపేరువాళ్లతో సంబంధం కలుపుకోకూడదని అమ్మమ్మలు అనేవారు? పెళ్లి కుదిరితే ఎవరికి ముందు చెప్పాలి, చెప్పకపోతే ఎవరు అలిగేవారు?

వీటిలో మైల ప్రశ్న, సంబంధాల ప్రశ్న నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనవి. ఇంటిపేరు వేరైపోయినా జ్ఞాతుల (దాయాదుల) మైల తరాల తరబడి వదలదు. 'వాళ్ల ఇంటిపేరు వేరే అయినా మనకు అన్నదమ్ముల వరస, అందుకే పిల్లను ఇచ్చుకోం' అన్నమాట వినిపిస్తే, అది ఒకప్పుడు చీలిపోయిన శాఖ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఈ సంగతులు మగవాళ్లకంటే ఆడవాళ్లకు బాగా గుర్తుంటాయి. పురుళ్లు, పుణ్యాలు, పేరంటాలు నడిపింది వాళ్లే. మేనత్తలను తప్పకుండా అడగండి. పెళ్లయి వెళ్లిపోయినా పుట్టింటి వరసలు వాళ్లు మర్చిపోరు.

ఇక వస్తువులు. అటక మీది ఇత్తడి బిందెలు, కంచు చెంబులు కిందికి దించి అంచు కింద చూడండి. చింతపండుతో తోమితే చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు బయటపడతాయి: ఇంటిపేరు పొడి అక్షరం, ఇచ్చినవారి పేరు, ఒక్కోసారి ఊరు, తేదీ. ఆడపిల్లకు సారెగా వచ్చిన బిందె మీద పుట్టింటివారి పేరు ఉంటుంది.

వీటన్నిటికంటే విలువైనది పాత చదివింపుల పుస్తకం. పెళ్లిలో ఎవరు ఎంత చదివించారో రాసిన ఆ గళ్ల నోటుపుస్తకంలో ప్రతి వరుసలో ఇంటిపేరు, పేరు, ఊరు, రూపాయలు ఉంటాయి. డెబ్భై ఏళ్ల కిందటి పెళ్లిది దొరికితే, ఆనాటి మీ బంధువర్గం మొత్తం ఊళ్ల వారీగా మీ చేతిలో ఉన్నట్టే. ఊళ్ల పేర్లన్నీ మ్యాప్ మీద గుర్తుపెట్టండి. మీరు ఎప్పుడూ వినని ఒక ఊరి నుంచి నలుగురైదుగురు చదివించి ఉంటే ఆ ఊరి సంగతి తేల్చాల్సిందే. మొదట చేరిన ఊరు అదే కావచ్చు.

పూర్వీకుల పేర్లే దారి చూపిస్తాయి

తద్దినం పెట్టేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెప్పే ఆచారం ఉన్న ఇళ్లలో మూడు తరాలు సులువుగా దొరుకుతాయి. ఆ ఆచారం లేకపోయినా తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల అవే పేర్లు తిరిగి తిరిగి వస్తుంటాయి. వాటిని ఒక వరుసలో రాసి చూడండి, ఏ గుడి నీడలో బతికారో తెలుస్తుంది.

కోటయ్య, కోటమ్మ ఎక్కువగా ఉంటే కోటప్పకొండ వైపు. మాల్యాద్రి, మాలకొండయ్య అంటే మాలకొండ. పెంచలయ్య అంటే నెల్లూరు జిల్లా పెంచలకోన. ఓబులేసు, ఓబులమ్మ అంటే అహోబిలం. అప్పన్న, అప్పలనాయుడు, సింహాచలం అనే పేర్లు సింహాద్రి అప్పన్నవి. పైడిరాజు, పైడమ్మ విజయనగరం పైడితల్లి పేర్లు. నూకరాజు, నూకాలమ్మ అనకాపల్లి వైపు. కొమురయ్య అంటే కొమురవెల్లి మల్లన్న, ఐలయ్య అంటే ఐనవోలు మల్లన్న, యాదయ్య, యాదగిరి అంటే యాదగిరిగుట్ట, రాజేశం అంటే వేములవాడ రాజన్న.

నిజామాబాద్‌లో స్థిరపడిన కుటుంబంలో ముత్తాత పేరు పెంచలయ్య అయితే, ఇంటిపేరును ముందు నెల్లూరు వైపు ఊళ్లలో వెతకడం మేలు. పేరొక్కటే రుజువు కాదు, మొక్కు కోసం ఎక్కడివాళ్లయినా ఆ పేరు పెట్టుకోవచ్చు. కానీ మూడు తరాల్లో అదే దైవం పేరు మళ్లీ మళ్లీ వస్తే దాన్ని తేలిగ్గా తీసేయకండి.

మాటను విప్పి ఊరిని బయటికి తీయండి

తెలుగు ఇంటిపేరు చాలావరకు 'ఫలానా ఊరి' అనే అర్థంలో ఉంటుంది కాబట్టి చివర మారుతుంది. ఆ మార్పును వెనక్కి తిప్పితే ఊరు దొరుకుతుంది.

'ఊరి'తో ముగిస్తే ఊరు: వేటూరి అంటే వేటూరు, కాటూరి అంటే కాటూరు.
'పాటి'తో ముగిస్తే పాడు: నూతలపాటి అంటే నూతలపాడు.
'ఏటి'తో ముగిస్తే ఏరు: పాలేటి అంటే పాలేరు, కొల్లేటి అంటే కొల్లేరు.
'వరపు', 'పురపు' అని ముగిస్తే వరం, పురం: అన్నవరపు అంటే అన్నవరం.
'మాని' అయితే మాను: కాకుమాని అంటే కాకుమాను.

పల్లి, పూడి, కొండ, గడ్డ, వాడ, లంక లాంటివి సాధారణంగా మారకుండానే నిలుస్తాయి.

ఊరితో సంబంధం లేనివి వేరే రకం. ప్రగడ అంటే మంత్రి. భట్ల, భొట్ల, సోమయాజుల, అవధానుల, వాజపేయాజుల లాంటివి చదువును, చేసిన యజ్ఞాన్ని బట్టి వచ్చినవి. కరణం, తలారి, దేశ్‌ముఖ్, పట్వారి ఉద్యోగాన్ని బట్టి వచ్చినవి. చేతివృత్తులవాళ్లకు, ముఖ్యంగా తెలంగాణలో, రికార్డు రాసిన గుమాస్తా వృత్తినే ఇంటిపేరుగా ఎక్కించిన సందర్భాలు చాలా ఉన్నాయి. కుమ్మరి, కమ్మరి, వడ్ల, చాకలి అని కాగితం మీద ఉన్నా, ఆ ఇంట్లో పెళ్లి సంబంధాలు చూసుకునేటప్పుడు చెప్పుకునే అసలు ఇంటిపేరు వేరే ఉండవచ్చు. అది నోటిమాటలోనే మిగిలి ఉంటుంది. పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసుకోండి.

అర్థం తెలిసిపోయినట్టు కనిపించే పేరుతోనే అసలు ప్రమాదం. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. కాకరకాయ గుర్తొచ్చి అక్కడే ఆగిపోతాం. కానీ మార్కాపురం ప్రాంతంలో అర్ధవీడు మండలంలో కాకర్ల అనే ఊరుంది. ఆయన పూర్వీకులది ఆ ఊరేనని చెబుతారు. వాళ్లు మురికినాటి శాఖ బ్రాహ్మణులు, తెలుగునేల విడిచి కావేరీ తీరానికి చేరినవాళ్లు. తంజావూరు సీమలో తెలుగువాడి ఇంటిపేరు ఎక్కడో నల్లమల అంచున ఉన్న ఊరిని పట్టిస్తోంది. చెట్టు, పండు, జంతువు పేరున్న ఏ ఇంటిపేరుకైనా ముందు ఆ పేరుతో ఊరుందేమో చూడండి. లేదని తేలాకే మిగతా అర్థాల జోలికి వెళ్లండి.

పాత మాటల కోసం 1852లో వచ్చిన బ్రౌణ్య నిఘంటువు (సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు), 1885 నాటి శబ్దరత్నాకరం ఇప్పుడు ఆన్‌లైన్‌లో వెతుక్కునే వీలుంది. ఈ రోజు మనకు అర్థం కాని మాట నూటయాభై ఏళ్ల కిందట ఇంటింటా వాడే పనిముట్టు పేరో, ధాన్యం పేరో అయి ఉండవచ్చు.

ఒకే పేరుతో పది ఊళ్లుంటే, అసలు ఊరే లేకపోతే

రామాపురం, కొత్తపల్లి లాంటి పేర్లయితే జిల్లాకు నాలుగైదు ఉంటాయి. అప్పుడు ఇలవేలుపు, గోత్రం, శాఖ, పూర్వీకుల పేర్లు, చదివింపుల ఊళ్లు కలిపి చూస్తే వడపోత జరుగుతుంది. ఈ గుర్తుల్లో కనీసం మూడు ఒకే దిక్కును చూపించేదాకా ఏ ఊరినీ ఖాయం చేసుకోవద్దు.

ఊరి పేరు మ్యాప్‌లో కనిపించకపోతే వెంటనే వదిలేయకండి. రెవెన్యూ రికార్డుల్లో బేచిరాఖ్ గ్రామాలని ఉంటాయి. అంటే సర్వే నంబర్లు ఉంటాయి, పొలాలు ఉంటాయి, మనుషులు మాత్రం ఉండరు. కలరాకో, కరువుకో, దోపిడీలకో ఖాళీ అయిన ఊళ్లు అవి. 1951, 1961 జనగణన జిల్లా పుస్తకాల్లో గ్రామాల జాబితాలున్నాయి, అందులో జనాభా లేని ఊళ్లనూ చూపిస్తారు. శ్రీశైలం, నాగార్జునసాగర్, శ్రీరాంసాగర్, సోమశిల జలాశయాల కింద మునిగిన ఊళ్లు మరో జాబితా. ఊరి పేరు కాలక్రమంలో మారి కూడా ఉండవచ్చు. పాలకురికి సోమనాథుడి పాలకురికిని ఇవాళ మనం పాలకుర్తి అంటున్నాం. ఇంటిపేరు పాత రూపంలో గడ్డకట్టి ఉంటుంది, ఊరు మాత్రం జనం నోట్లో మారుతూ పోతుంది.

ఎప్పుడు కదిలారు?

తెలుగునేల మీద జనం గుంపులుగా కదిలిన కాలాలు కొన్ని ఉన్నాయి. మీ కుటుంబ కథను వాటి పక్కన పెట్టి చూడండి. 1832-33లో గుంటూరు సీమను తుడిచిపెట్టిన నందన కరువును డొక్కల కరువని ఇప్పటికీ అంటారు. 1876-78 నాటి ధాత కరువు రాయలసీమను ఖాళీ చేసింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయ్యాక, ఆ వెంటనే బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట వచ్చాక, మెట్ట ఊళ్లవాళ్లు డెల్టాకు చేరారు. 1930ల్లో నిజాంసాగర్ కింద భూములు కొనుక్కుని కోస్తా రైతులు నిజామాబాద్ వెళ్లారు. 1950ల్లో తుంగభద్ర కాలువల కిందికి, గంగావతి, సింధనూరు వైపు వెళ్లి క్యాంపులు కట్టుకున్నారు.

'మా ముత్తాత నాన్న కరువులో వచ్చాడట' అన్న ఒక్కమాటను తరాల లెక్కతో సరిచూస్తే ఏ కరువో తెలిసిపోతుంది. తరానికి పాతిక నుంచి ముప్ఫై ఏళ్లు వేసుకోండి.

భూమి కాగితాలు: అసలు పని ఇక్కడే

కుటుంబాలకు చరిత్ర రాసే అలవాటు లేకపోయినా భూమికి కాగితం రాయించే అలవాటు ఉంది. అందుకే ఈ మెట్టు మీద ఎక్కువ సమయం పెట్టండి.

ముందు ఇంట్లోని దస్తావేజులు. పాత విక్రయ దస్తావేజు మొదటి నాలుగు వరుసలు జాగ్రత్తగా చదవండి. 'ఫలానా తాలూకా ఫలానా గ్రామ కాపురస్తులు, ఫలానా ఇంటిపేరు ఫలానా గారి కుమారులు, వ్యవసాయం' అని ఉంటుంది. కొందరి విషయంలో 'పూర్వం ఫలానా గ్రామం, ప్రస్తుతం ఈ గ్రామంలో ఉంటున్న' అని రాస్తారు. ఆ ఒక్క ముక్క దొరికితే మీ పని సగం అయినట్టే. తర్వాత చెక్కుబందీ చూడండి: తూర్పు ఎవరి చేను, దక్షిణం పుంత, పడమర ఎవరి భూమి, ఉత్తరం ఏ కాలువ. అన్నదమ్ములు పంచుకున్న భూమికి హద్దుల్లో దాయాదులే ఉంటారు కాబట్టి ఆ పేర్లన్నీ ఎక్కించుకోండి. చివర సాక్షుల చేవ్రాళ్లు, దస్తూరి రాసినవారి పేరు ఉంటాయి. సాక్షి సంతకాలు చేసేది ఎక్కువగా బావమరుదులు, వియ్యంకులు. వాళ్ల ఊళ్లు కూడా పనికొస్తాయి.

తేదీల దగ్గర తడబడొద్దు. కోస్తా, సీమ రికార్డుల్లో ఫసలీ (జులైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం) కనిపిస్తే 590 కలపండి. ఫసలీ 1310 అంటే 1900 జులై నుంచి 1901 జూన్ వరకు. సంవత్సరం పేరు మాత్రమే ఉంటే అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుందని గుర్తుంచుకోండి. రక్తాక్షి అంటే 1864 కావచ్చు, 1924 కావచ్చు, 1984 కూడా కావచ్చు. శకవర్షమైతే 78 కలపాలి.

ఇక ఆఫీసు రికార్డులు. కోస్తా, రాయలసీమల్లో తహసీల్దారు ఆఫీసులో ఆర్‌ఎస్‌ఆర్ (సర్వే, శిస్తు నిర్ణయం తర్వాత రాసిన భూముల రిజిస్టర్), రెండు భాషల్లో ఉండే డైగ్లాట్ రిజిస్టర్, పాత అడంగళ్లు (ఏ పొలం ఎవరి సాగులో ఉందో ఏటా రాసిన లెక్కలు) అడగండి. కుటుంబానికి ఇనాం భూమి ఉండేదని వింటే 1860ల నాటి ఇనాం రిజిస్టర్ చూడాల్సిందే. ఇనాం ఎవరు, ఎప్పుడు, ఎందుకు ఇచ్చారు, అప్పుడు ఎవరి అనుభవంలో ఉంది అన్నవి అందులో రాశారు. కొన్ని కుటుంబాలకు అదే మొదటి వంశవృక్షం. జమీందారీ గ్రామాల్లో పరిస్థితి వేరు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే రైతుల పేర్లు ప్రభుత్వ లెక్కల్లోకి పూర్తిగా వచ్చాయి. అంతకు ముందువి కావాలంటే జమీందారీ దఫ్తరాల్లో మిగిలినవాటిని వెతకాలి.

తెలంగాణలో సేత్వార్ (సర్వే తర్వాత పట్టాదారుల పేర్లతో రాసిన మూల రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ, ఆ తర్వాతి చెస్సాలా పహాణీ ముఖ్యం. పహాణీ అంటే అక్కడి అడంగలే. పాత సేత్వార్లు ఉర్దూలో ఉంటాయి. చదవగలిగినవాళ్లను వెంట తీసుకెళ్లండి, మీరు రాసుకున్న తప్పు స్పెల్లింగుల కాగితం కూడా వాళ్ల చేతికి ఇవ్వండి. ఖాస్రాలో పట్టాదారు పేరు పక్కనే తండ్రి పేరు ఉంటుంది. అప్పటికి అరవై ఏళ్లున్న పట్టాదారు తండ్రి అంటే మీరు 1870 దాకా వెళ్లిపోయారన్నమాట.

ఆన్‌లైన్ ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 తర్వాతి లావాదేవీలకే పనికొస్తుంది. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాన్యువల్ వెతుకులాటకు దరఖాస్తు పెట్టాలి. ఊరి పేరు, సుమారు సంవత్సరాలు చెప్పగలిగితే పని తొందరగా అవుతుంది. రికార్డు లేదని నోటిమాటగా చెబితే, సమాచార హక్కు చట్టం కింద లిఖితపూర్వకంగా అడగండి.

వంశం చెప్పేవాళ్లు

కాగితం ఎక్కని కుటుంబాల చరిత్ర తెలుగునేల మీద వేరే దారిలో నిలిచింది. చాలా కులాలకు వాళ్ల వంశాలు, గోత్రాలు, ఇంటిపేర్లు కట్టి పాడే ఆశ్రిత కులాలున్నాయి. కాపు, రెడ్డి, కమ్మ కుటుంబాలకు పిచ్చకుంట్లవారు, ఇప్పుడు వంశరాజులంటారు. పద్మశాలీలకు కూనపులివారు, సాధనాశూరులు. మాదిగలకు డక్కలివారు. గొల్లలకు మందెచ్చులవారు. ముదిరాజులకు కాకిపడగలవారు. విశ్వబ్రాహ్మణులకు రుంజవారు. ఏయే ఊళ్లు ఏ కుటుంబం అడుక్కోవాలో వాళ్లలో మిరాశీ హక్కుగా, అంటే వంశపారంపర్యంగా, పంచుకుని ఉంటారు. పంట చేతికొచ్చే కాలంలో తిరుగుతారు.

ఒక వంశరాజు వచ్చి ఇంటి ముందు నిలబడి గోత్రం చెప్పి, ఆ ఇంటిపేరుకు ఏ ఊరు మూలమో, ఎన్ని కొమ్మలయ్యాయో, ఏ కొమ్మ ఏ ఊరు వెళ్లిందో గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే, రికార్డు రూముల్లో దొరకనిది ఆ నోట్లో ఉందని అర్థమవుతుంది. మీ ఊరికి వచ్చేవాళ్లెవరో పెద్దలను అడిగి కనుక్కోండి. వాళ్లుండే ఊరు వెళ్లండి. చెప్పింది మధ్యలో ఆపకుండా, అనుమతి తీసుకుని ఫోన్లో రికార్డు చేయండి. ఇవ్వాల్సింది మర్యాదగా, చేతినిండా ఇవ్వండి. ఇది వాళ్ల బతుకుతెరువు, వాళ్ల విద్య. వాళ్ల పిల్లల్లో చాలామంది వేరే పనుల్లోకి వెళ్లిపోయారు. చెప్పగలిగిన ముసలివాళ్లు తగ్గిపోతున్నారు. ఈ గైడులో ఏ ఒక్క మెట్టు ఈ సంవత్సరమే చేయాలంటే ఇదే చేయండి.

వాళ్లు చెప్పేదాంట్లో పొగడ్త ఉంటుంది, పురాణం ఉంటుంది. ఊళ్ల పేర్లు, కొమ్మల పేర్లు మాత్రం విడిగా తీసి భూమి కాగితాలతో సరిచూడండి.

కాశీ, గయ, ప్రయాగ వెళ్లిన పూర్వీకులుంటే అక్కడి పండాల (తీర్థ పురోహితుల) వహీలు మరో ఆధారం. వచ్చిన యాత్రికుడి పేరు, ఊరు, తండ్రి తాతల పేర్లు రాసి సంతకం పెట్టించుకునే పుస్తకాలవి. ప్రాంతాన్ని బట్టి పండా ఉంటారు కాబట్టి ఇప్పటి ఊరు కాకుండా పాత జిల్లా, పాత ఊరు చెప్పి అడగాలి.

శాసనాలు, కైఫీయతులు

ఇంటిపేర్లు కాకతీయుల కాలానికే స్థిరపడి ఉన్నాయి. రామప్ప గుడి కట్టించిన రుద్రుడిది రేచర్ల వంశం. అక్కడి శాసనం శకవర్షం 1135, అంటే 1213. మల్యాల, చెరకు, విరియాల, గోన వంశాలు కూడా ఆ కాలపు శాసనాల్లో కనిపిస్తాయి. మీ పేరు ఇలాంటి పేరుతో కలిసిందని సంబరపడే ముందు ఒక్కమాట: 1213 నుంచి మీ ముత్తాత దాకా గొలుసు కలపకుండా ఆ వంశం మాదే అనడానికి లేదు. ఒకే ఊరి నుంచి అన్ని కులాలవాళ్లూ బయటికి వెళ్లారు, అందరికీ ఆ ఊరి పేరే ఇంటిపేరు అయింది. ఇంటిపేరు కలిసినంత మాత్రాన రక్తసంబంధం కాదు.

శాసనాల వల్ల గట్టిగా తెలిసేది, ఆ ఊరు ఆ పేరుతో ఎప్పటినుంచి ఉందన్నది. దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో పదోది మద్రాసు రాజధానిలోని తెలుగు శాసనాలది. చివర ఊళ్ల పట్టిక ఉంటుంది, దాంతో మొదలుపెట్టండి.

కైఫీయతులు ఇంకా దగ్గరగా ఉంటాయి. కల్నల్ కాలిన్ మెకంజీ, కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య, ఇంకా ఎందరో సహాయకులు రెండు వందల ఏళ్ల కిందట ఊరూరా తిరిగి గ్రామ చరిత్రలు సేకరించారు. తర్వాత బ్రౌన్ దొర వాటికి నకళ్లు రాయించాడు. ఊరు ఎవరు కట్టారు, కరణాలెవరు, రెడ్లెవరు, ఏ గొడవతో ఎవరు లేచిపోయారు అన్న సంగతులు వాటిలో ఉంటాయి. చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోనూ, హైదరాబాద్ తార్నాకలోని ఆర్కైవ్స్‌లోనూ అడిగి చూడవచ్చు. కొన్ని జిల్లాలవి అచ్చయ్యాయి. మీరు ఖాయం చేసుకున్న రెండు ఊళ్లకూ కైఫీయతు ఉందేమో చూడండి. బయల్దేరిన ఊరిది దొరక్కపోయినా చేరిన ఊరిది దొరకవచ్చు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. వందేళ్లుగా కులచరిత్రల పేరుతో వచ్చిన పుస్తకాల్లో, ఇప్పుడు ఇంటర్నెట్‌లో తిరిగే ఇంటిపేరు-గోత్రం జాబితాల్లో ఒకదాన్ని చూసి మరొకటి రాసినవే ఎక్కువ. దారి చూపే గుర్తులుగా వాడుకోండి, ఆధారంగా రాయకండి.

ఇప్పుడు ఎక్కడున్నారు?

రెండు రాష్ట్రాల ఎన్నికల వెబ్‌సైట్లలో ఓటర్ల జాబితాలు నియోజకవర్గాల వారీగా దొరుకుతాయి. అరుదైన పేరు ఏ రెండు మూడు మండలాల్లో గుమికూడి ఉందో చూస్తే మొదట చేరిన ఊరు దాదాపు తేలిపోతుంది. ఆ గుంపు మధ్యలో ఉన్న పాత ఊరు ఏదో చూడండి. అయితే జాబితాలో కనిపించిన ప్రతివారికీ ఫోన్ చేసి కుల గోత్రాలు అడగడం మర్యాద కాదు. ఆ ఊళ్లో మీకు తెలిసినవారి ద్వారా, మీ ఇంటి వివరాలు ముందు చెప్పుకుని పలకరించండి.

తమిళనాడులో తెలుగువాళ్లు కాగితం మీద ఇనీషియల్ ఒక్కటే వాడతారు. ఇంటిపేరు పెళ్లి సంబంధాల దగ్గరే బయటికొస్తుంది. అక్కడ ఓటర్ల జాబితా పనికిరాదు, పెద్దవాళ్ల నోరే ఆధారం.

సముద్రం దాటినవాళ్ల విషయంలో అసలు ఇంటిపేరే పోయి ఉంటుంది. మారిషస్, దక్షిణాఫ్రికాలోని నటాల్, ఫిజీలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లను పేరు, తండ్రి పేరుతోనే రాసుకున్నారు. తాత పేరే మనవల ఇంటిపేరైంది. నటాల్‌కు 1860 నుంచి 1911 దాకా, ఫిజీకి మద్రాసు నుంచి 1903 తర్వాత వెళ్లారు. అయితే ఓడ జాబితాల్లో, ఎమిగ్రేషన్ పాసుల్లో జిల్లా, తాలూకా, ఊరు రాశారు. మారిషస్ రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఇంటిపేరును వదిలేసి ఊరిని పట్టుకోండి. ఆ ఊళ్లో అదే కాలపు భూమి రికార్డుల్లో తండ్రి పేరు కలిస్తే ఇంటిపేరు అక్కడ బయటపడే అవకాశం ఉంది.

రాసిపెట్టుకునే పద్ధతి

ప్రతి సంగతి పక్కన అది ఎక్కడ దొరికిందో రాయండి. ఎవరు చెప్పారు, ఏ తేదీన, ఏ రిజిస్టరు, ఏ పేజీ. కాగితంలో చూసినదానికి ఒక రంగు, నోట విన్నదానికి ఇంకో రంగు, మీరు ఊహించినదానికి మూడో రంగు వాడితే పదేళ్ల తర్వాత మీ పిల్లలు చదివినా తికమక పడరు. ఆడవాళ్లను వంశవృక్షంలో తప్పకుండా ఎక్కించండి, పుట్టింటి ఇంటిపేరు, ఊరితో సహా. 'భార్య' అని ఒక్కమాట రాసి వదిలేసిన వంశవృక్షాల్లో సగం ఆధారాలు పోతాయి. రెండు శాఖలు కలిసే చోటు ఎక్కువగా ఒక మేనరికం పెళ్లే.

పాత దస్తావేజులకు సెల్లోటేపు అంటించొద్దు, లామినేషన్ చేయించొద్దు. పగటి వెలుతురులో రెండు వైపులా ఫొటో తీసి, మడతలు విప్పి కాగితపు కవర్లో పెట్టండి. అంతా ఒకచోట చేరాక టైపు చేయించి నాలుగైదు ప్రతులు తీసి, దాయాదుల ఇళ్లలో ఒక్కొక్కటి ఉంచండి. ఒకటి మొదట చేరిన ఊరి గ్రంథాలయంలో ఇవ్వండి. మీ ఇంటిపేరువాళ్లు మరెవరైనా వెతుక్కుంటూ వస్తే ముందు వచ్చేది అక్కడికే.